వణుకు ఎంతమందికి, ఏ మాత్ర వల్ల?

డిప్రెషన్‌కు ఫ్లూఆక్సెటిన్ వాడినవాళ్లలో 100కి 10 మందికి చేతులు వణికాయి. అవే ప్రయోగాల్లో, మందు లేని ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలోనూ 100కి ముగ్గురికి వణికాయి. అమెరికాలో ఈ మందుతో పాటు ఇచ్చే సమాచార పత్రంలోని లెక్క ఇది. పదిలోంచి మూడు తీసేస్తే ఏడు. మాత్ర ఖాతాలో రాయాల్సిన వణుకు ఆ ఏడుగురిదే. అతిగా తిని కక్కేసుకునే బులీమియా జబ్బుకు ఇదే మందు ఇచ్చినప్పుడు ఆ రెండు అంకెలూ 13, 1. డిప్రెషన్‌కు రోజుకు 20 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, బులీమియాకు 60 ఇస్తారు. అంకెలు మారడానికి మోతాదు ఒక కారణం కావచ్చు.

ఉత్తుత్తి మాత్రకు వణికిన ఆ ముగ్గురినీ మరిచిపోకూడదు. ఆందోళన, నిద్ర లేకపోవడం, కాఫీ ఎక్కువ కావడం, థైరాయిడ్ పెరగడం, ఆయాసానికి పీల్చే మందు... వీటిలో ఏదైనా చేతులు వణికించగలదు. ఇది గుర్తుపెట్టుకుంటే కింద వచ్చే అంకెలు భయపెట్టవు. అలాగని తేలిగ్గా తీసుకోవాల్సినవీ కావు.

హైదరాబాద్ శివారు దూలపల్లి వాళ్లకు ఈ మందు మరీ పరాయిదేమీ కాదు. ఊళ్లో ఒక పక్క అటవీ అకాడమీ, అటవీ జీవవైవిధ్య సంస్థ. దక్షిణాన జీడిమెట్ల పారిశ్రామికవాడ, దాని కింద బాలానగర్. బాలానగర్ ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఫ్లూఆక్సెటిన్ పేటెంటు గడువు ముగిసిన 2001 ఆగస్టులో ఆ కంపెనీ 40 మిల్లీగ్రాముల మాత్రను అమెరికా మార్కెట్‌లోకి దించింది. 180 రోజుల పాటు పోటీ లేకుండా అమ్ముకునే హక్కు దానికి దక్కింది. అలాంటి హక్కు పొందిన మొదటి భారతీయ కంపెనీ అదే. ‘బల్క్ డ్రగ్’ అంటే ఏమిటో ఈ చుట్టుపక్కల ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అదే మాత్ర ఇంట్లో ఎవరికైనా రాస్తే, మింగాక ఒంట్లో ఏం మారవచ్చో మాత్రం ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. చాలాసార్లు ఆ పని జరగడం లేదన్నది నా బాధ.

ముందు మందు అవసరం ఎందరికో చూద్దాం. బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. మన రెండు తెలుగు రాష్ట్రాలు అందులో లేవు. పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్, తమిళనాడు ఉన్నాయి. సర్వే నాటికి పెద్దవాళ్లలో 2.7 శాతం మందికి డిప్రెషన్ ఉంది. వాళ్లలో దాదాపు 85 శాతం మందికి చికిత్స అందడం లేదు. మేడ్చల్ వైపు లక్షమంది పెద్దవాళ్లకు ఈ లెక్కను వేసి చూడండి. జబ్బున్నవాళ్లు 2,700. వైద్యం లేనివాళ్లు 2,295. వైద్యం అందుతున్నవాళ్లు 405. ఆ 405 మందీ ఫ్లూఆక్సెటినే వాడుతున్నారనుకున్నా, మాత్ర వల్ల చేతులు వణికేది సుమారు 28 మందికి.

ఒక పక్క 28, మరో పక్క 2,295. మందు దొరకని కష్టమే చాలా పెద్దది. 2018లో వచ్చిన ఒక భారీ విశ్లేషణ 522 ప్రయోగాల్ని, 1,16,477 మంది రోగుల్ని, 21 మందుల్ని కలిపి చూసి, ఆ 21 కూడా ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా పనిచేశాయని తేల్చింది. కాబట్టి ఈ కథనం చదివి ఎవరూ మాత్ర పారేయొద్దు. అయినా ఆ 28 మంది గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. కాలో చెయ్యో తన మాట విననప్పుడు మనిషి హడలిపోతాడు. ఎవరికీ చెప్పకుండా మందు మానేస్తాడు. జబ్బు తిరగబెడుతుంది.

కూర్చోనివ్వని కాలు

అసంకల్పిత కదలికలు అనగానే అందరికీ వణుకే తోస్తుంది. అన్నిటికన్నా తరచుగా కనిపించేదీ, తేలిగ్గా పోయేదీ అదే. చెయ్యి చాచినప్పుడు, కాఫీ గ్లాసు ఎత్తినప్పుడు, సంతకం పెట్టేటప్పుడు సన్నగా కనిపిస్తుంది. మోతాదు తగ్గిస్తే చాలామందిలో సర్దుకుంటుంది. మెషిన్ మీద బట్టలు కుట్టేవాళ్లకు, ప్యాకింగ్ లైన్లో చిన్న భాగాలు అమర్చేవాళ్లకు ఆ సన్నటి వణుకే జీవనాధారం మీద దెబ్బ. అది డాక్టరుకు తెలియాలంటే ముందు మీరు చేసే పనేమిటో ఆయనకు తెలియాలి.

అసలు బాధ పెట్టేది అకథీసియా. కుర్చీలో కూర్చుంటే కాళ్లు ఆగవు, లేచి నడవాలనిపిస్తుంది. నడిస్తే కాస్త నయం, నిలబడితే మళ్లీ మొదలు. లోపల ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది. నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూనే ఉంటారు. పక్కవాళ్లు “ఒకచోట కుదురుగా కూచోవేంట్రా” అంటారు. మాత్ర మొదలైన లేదా మోతాదు పెరిగిన రోజుల్లో, వారాల్లో ఇది తలెత్తుతుంది. ఇంట్లో వాళ్లు దీన్ని టెన్షన్ అనుకుంటారు. కొన్నిసార్లు డాక్టరూ జబ్బు ముదిరిందనుకుని అదే మాత్ర మోతాదు పెంచుతారు. అప్పుడు బాధ రెట్టింపవుతుంది.

ఇది ఎందరికి వస్తుందన్నదాని మీద ఒక్క అంకె లేదు. 1989లో అమెరికా డాక్టర్ల బృందం ఐదుగురు రోగుల్ని వర్ణిస్తూ, ఫ్లూఆక్సెటిన్ వాడేవాళ్లలో 9.8 నుంచి 25 శాతం మందికి రావచ్చని అంచనా వేసింది. అంచనాకు రెండు కొసల మధ్య రెండున్నర రెట్ల తేడా. పని కట్టుకుని అడిగితే ఒక అంకె వస్తుంది, రోగి తనంతట తాను చెప్పేదాకా ఆగితే ఇంకో అంకె వస్తుంది. “కుదురుగా కూర్చోగలుగుతున్నారా?” అన్న ప్రశ్న ప్రతి డాక్టరూ అడగాలి. అడగకపోతే ఇంట్లో వాళ్లే చెప్పాలి.

ఇది ప్రాణాల మీదికి కూడా రావచ్చు. 2004 అక్టోబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ డిప్రెషన్ మందులన్నిటి మీదా నల్ల గీతల పెట్టెలో హెచ్చరిక పెట్టించింది. పిల్లలు, టీనేజీ వాళ్ల మీద జరిగిన 24 ప్రయోగాల్లో, 4,400 మందికి పైగా రోగుల్లో, ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు మందు వాడినవాళ్లలో 4 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 2 శాతం కనిపించాయి. ఆ ప్రయోగాల్లో ఎవరూ చనిపోలేదు. 2007లో ఈ హెచ్చరికను 24 ఏళ్ల వయసు దాకా పొడిగించారు. మొదటి వారాల్లో ఇంటివాళ్లు కనిపెట్టుకుని ఉండాల్సిన లక్షణాల్లో అకథీసియా పేరు అక్కడ స్పష్టంగా ఉంది. మీ ఇంట్లో కాలేజీ పిల్లాడికో పిల్లకో కొత్తగా మాత్ర మొదలుపెట్టి ఉంటే మొదటి నెలంతా ఒంటరిగా వదలకండి. రాత్రి గదిలో పచార్లు చేస్తుంటే తెల్లారి డాక్టరుకు ఫోన్ చేయండి.

మిగతా రకాలు క్లుప్తంగా. మెడో దవడో ఒక పక్కకు పట్టేసి తిప్పుకోలేకపోతే డిస్టోనియా. నడక నెమ్మదించి, ముఖంలో కదలిక తగ్గి, ఒళ్లు బిగుసుకుంటే పార్కిన్‌సన్ పోలిక జబ్బు. నిద్రలో పళ్లు నూరడం బ్రక్సిజం. రాత్రి పడుకోగానే పిక్కల్లో ఏదో పాకినట్టై కాళ్లు కదపాలనిపిస్తే ‘రెస్ట్‌లెస్ లెగ్స్’. జర్మనీ వైద్యులు 2008లో డిప్రెషన్ మందు వాడుతున్న 271 మందిని చూస్తే మొత్తం మీద 9 శాతం మందిలో ఈ చివరిది కనిపించింది. వాటిలో మిర్టాజపిన్ అనే మందు వాడినవాళ్లలో మాత్రం 28 శాతం. నిద్ర పట్టడం లేదంటే మిర్టాజపిన్ రాయడం మామూలే. నిద్ర కోసం వేసుకున్న మాత్రే కాళ్లను నిద్రపోనివ్వకపోతే రోగి ఏమనుకోవాలి? నాలుక, పెదవులు, దవడ వాటంతట అవే మెలికలు తిరిగే టార్డివ్ డిస్కినీసియా నెలలూ ఏళ్లూ మందు వాడాక వస్తుంది. డిప్రెషన్ మాత్ర ఒక్కదాని వల్ల ఇది రావడం అరుదు. వస్తే మాత్రం మందు ఆపినా పోకుండా మిగిలిపోవచ్చు.

71 మందిలో 41

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసిన లెక్క 1996 నాటిది. సెరటోనిన్ మీద పనిచేసే డిప్రెషన్ మందుల వల్ల కదలికలు చెడినట్టు అప్పటిదాకా వైద్య పత్రికల్లో వచ్చిన 71 కేసుల్ని ఒక పరిశోధకుడు పోగుచేశాడు. అకథీసియా 45.1 శాతం, డిస్టోనియా 28.2, పార్కిన్‌సన్ పోలిక 14.1, టార్డివ్ తరహా కదలికలు 11.3 శాతం. మనుషుల లెక్కలో చెప్పాలంటే 32, 20, 10, 8. ఆడవాళ్లు 67.6 శాతం. ఫ్లూఆక్సెటిన్ వాటా 74.6 శాతం, అయితే అప్పటికి ఎక్కువమందికి రాస్తున్నదీ అదే. అది మిగతావాటి కన్నా చెడ్డదని దీన్నిబట్టి అనలేం.

ఇక అసలు అంకె. 57.7 శాతం కేసుల్లో, అంటే 71లో 41 మందిలో, వేలు ఇంకోవైపు చూపించే కారణాలు కూడా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది కదలికల్ని చెడగొట్టగల వేరే మందు పక్కన ఉండటం. సగానికి పైగా కేసుల్లో డిప్రెషన్ మాత్ర ఒంటరి ముద్దాయి కాదు.

మన మందుల షాపుల్లో ఆ రెండో మాత్ర చాలా పేర్లతో దొరుకుతుంది. గ్యాస్, కడుపుబ్బరం అంటే ఇచ్చే కొన్ని క్యాప్సూళ్లలో రాబెప్రజోల్‌తో పాటు లీవోసల్పిరైడ్ ఉంటుంది. అది మెదడులో డోపమైన్‌ను అడ్డుకునే మందు. 2009లో కొరియా వైద్యులు దీనివల్ల కదలికలు చెడిన 91 మందిని వివరించారు. 93 శాతం మందిలో కనిపించింది పార్కిన్‌సన్ పోలిక. వాళ్లలో దాదాపు సగం మందికి మందు ఆపినా అది తగ్గలేదు. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ మీద టార్డివ్ డిస్కినీసియా గురించి అమెరికా 2009లో పెట్టె హెచ్చరిక పెట్టించింది. తలతిప్పుడుకు, పార్శ్వపు నొప్పికి ఏళ్ల తరబడి వాడేసే సినరిజిన్, ఫ్లూనరిజిన్ కూడా ఈ కోవలోవే. డిప్రెషన్ ఉన్నవాళ్లు మొదట చెప్పుకునేది మనసు గురించి కాదు. కడుపు, తలతిప్పుడు, ఒళ్లునొప్పులు అంటారు. కాబట్టి ఈ మాత్రలన్నీ ఒకే ఇంట్లో, ఒకే సంచిలో చేరడం ఆశ్చర్యం కాదు.

ఒకే మాత్రలో రెండూ కలిసి రావడమూ ఉంది. మెలిట్రసిన్ డిప్రెషన్ మందు, ఫ్లూపెంటిక్సాల్ తీవ్ర మానసిక రోగాలకు వాడేది. రెండూ కలిపిన మాత్రను మన దగ్గర టెన్షన్‌కు, నరాల బలహీనతకు రాసేవారు. దాన్ని తయారుచేసిన కంపెనీ డెన్మార్క్‌ది. ఆ దేశంలోనే దానికి అనుమతి లేదని 2012 మేలో పార్లమెంటు స్థాయీ సంఘం తన 59వ నివేదికలో ఎత్తిచూపింది. 2013 జూన్‌లో కేంద్రం దాని తయారీని, అమ్మకాన్ని నిలిపేసింది. వ్యవహారం కోర్టుకెక్కింది. పాత చీటీ మీద పాత మాత్ర ఏళ్లుగా వాడుతున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే దాని వెనక రాసిన మందుల పేర్లు ఒకసారి చదవండి.

రెండో మాత్రను డాక్టరే, మంచి కారణంతోనే, కలపవచ్చు. డిప్రెషన్ మందు ఒక్కటీ చాలనప్పుడు తీవ్ర మానసిక రోగాలకు వాడే అరిపిప్రజోల్ తోడు చేసే పద్ధతిని అమెరికా 2007లో ఆమోదించింది. ఆ ప్రయోగాల్లో అకథీసియా 25 శాతం మందిలో కనిపించింది, ఉత్తుత్తి మాత్ర కలిపినవాళ్లలో 4 శాతం. తీసివేత చేస్తే 21. ఐదుగురిలో ఒకరికి పైమాటే. మొదట్లో చెప్పిన ఏడుతో పోల్చి చూడండి. డిప్రెషన్ మందుల్లో ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ ఇంకో పని కూడా చేస్తాయి. కాలేయంలో సీవైపీ2డీ6 అనే ఎంజైమును గట్టిగా అడ్డుకుంటాయి. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్‌లు విరిగిపోయే దారుల్లో అది ఒకటి. దారి మూసుకుపోయి రక్తంలో వాటి మోతాదు పెరుగుతుంది. చీటీ మీద రాసింది తక్కువే అయినా ఒంట్లో ఉన్నది ఎక్కువవుతుంది.

సెరటోనిన్ పెరిగితే కాలికేం సంబంధం?

మెదడు కాండంలోని రాఫే కేంద్రకాల నుంచి సెరటోనిన్ నరాలు డోపమైన్ నరాల దగ్గరికి వెళ్తాయి. అక్కడ కొన్ని గ్రాహకాల ద్వారా డోపమైన్ విడుదలను తగ్గిస్తాయి. ఒక కాలువలో నీరు పెరిగితే అది పక్క కాలువ తూమును కొంత మూసినట్టు. కదలికలకు డోపమైన్ ఎంత ముఖ్యమో తెలిసింది సర్పగంధ మొక్క వల్ల. ఆ వేరులోంచి 1952లో రిసర్పిన్‌ను వేరుచేశారు. రక్తపోటుకు వాడితే కొందరు రోగులు కుంగిపోయారు, కొందరు బిగుసుకుపోయారు. నరాల్లో నిల్వ ఉన్న సెరటోనిన్, డోపమైన్ రెంటినీ అది ఖాళీ చేస్తుంది. 1957లో శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చిన కుందేళ్లకు డోపమైన్‌గా మారే ఎల్-డోపా ఇవ్వగానే అవి లేచి తిరిగాయి. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈనాడు టార్డివ్ కదలికల్ని తగ్గించడానికి వాడే టెట్రాబెనజిన్ కూడా ఆ నిల్వల మీదే పనిచేస్తుంది. అది డిప్రెషన్‌ను పెంచగలదు కాబట్టి డిప్రెషన్ రోగికి ఇవ్వాలంటే డాక్టరు రెండుసార్లు ఆలోచించాలి.

ఇక ఈ కదలికలు ఎంతగా నమోదయ్యాయో చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున స్వీడన్‌లోని ఉప్సలా కేంద్రం నడిపే దుష్ప్రభావాల ఖాతా ఉంది. 2020లో ఫ్రెంచ్ పరిశోధకులు అందులోని 1,42,70,446 నివేదికల్ని వడపోశారు. డిప్రెషన్ మందు పేరున్నవి 10,27,405. వాటిలో కదలికల సమస్య చెప్పినవి 29,253, అంటే 2.8 శాతం. మాత్ర వేసుకున్నవాళ్లలో 2.8 శాతానికి కదలికలు చెడతాయని దీనర్థం కాదు. ఏదో ఒక ఇబ్బంది అని రాసి పంపినవాళ్లలో 2.8 శాతం. ఏ ఇబ్బందీ లేనివాళ్లు ఈ ఖాతాలోకే రారు. ఇబ్బంది పడీ రాయనివాళ్లూ రారు. పోలికకు మాత్రం ఇది పనికొస్తుంది. మిగతా మందుల నివేదికలతో పోలిస్తే అన్ని రకాల కదలికల సమస్యలూ వీటిలో ఎక్కువగానే తేలాయి, అన్నిటికన్నా గట్టి సంబంధం కనిపించింది పళ్లు నూరడంతో, పది రెట్లకు పైగా. పళ్లు అరిగాయని దంతవైద్యుడి దగ్గరికి వెళ్తే ఏ మాత్రలు వాడుతున్నారో ఆయనకూ చెప్పండి.

వెంటనే పరుగెత్తాల్సింది ఎప్పుడు, ఆగాల్సింది ఎప్పుడు

జ్వరం, చెమటలు, విరేచనాలు, అయోమయం, వీటితో పాటు కాళ్లు వాటంతట అవే టకటకా అదురుతుంటే సెరటోనిన్ సిండ్రోమ్ కావచ్చు. ఆరోజే ఎమర్జెన్సీకి వెళ్లాలి. 60 శాతం మందిలో ఇది మందు మార్చిన 6 గంటల్లోపే బయటపడుతుంది. నొప్పికి ట్రమడాల్, దగ్గుకు డెక్స్‌ట్రోమెథార్ఫాన్ సిరప్, ఇన్ఫెక్షన్‌కు లినెజోలిడ్ డిప్రెషన్ మాత్రకు తోడైతే ఈ ప్రమాదం పెరుగుతుంది. దగ్గు సిరప్‌ కొనేటప్పుడు కూడా వాడుతున్న మాత్ర పేరు చెప్పాలి.

మెడ, దవడ పట్టేస్తే అదీ ఆరోజే చూపించాలి, ఇంజక్షన్‌తో త్వరగానే విడుతుంది. మిగతా కదలికలకు ఒకటి రెండు రోజుల వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో మాత్రను మీ అంతట మీరు ఆపకండి. 2024లో 79 అధ్యయనాల్ని, 21,002 మందిని కలిపి చూసిన విశ్లేషణ ప్రకారం డిప్రెషన్ మందు ఆపాక 31 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది వచ్చింది, ఉత్తుత్తి మాత్ర ఆపినవాళ్లలో 17 శాతానికి. మందు ఆపడం వల్లే ఇబ్బంది పడేది ఆరేడుగురిలో ఒకరు, తీవ్రంగా పడేది 35 మందిలో ఒకరు. ఫ్లూఆక్సెటిన్ సంగతి వేరు. అది, ఒంట్లో దాన్నుంచి తయారయ్యే నార్‌ఫ్లూఆక్సెటిన్ చాలా నెమ్మదిగా పోతాయి. రెండోది సగానికి తగ్గడానికే 4 నుంచి 16 రోజులు పడుతుంది. ఆపిన మూడో రోజున కూడా వణుకు ఉందని, అది ఇక పోదని బెంగపడక్కర్లేదు. వారాలు పట్టవచ్చు.

డాక్టరు చేయగలిగినవి చాలా ఉన్నాయి. మోతాదు తగ్గించడం, మాత్ర మార్చడం, అనవసరమైన రెండో మాత్రను తీసేయడం, అకథీసియాకు ప్రొప్రనొలాల్ లాంటిది కొన్నాళ్లు ఇవ్వడం. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లండి, గ్యాస్‌వీ తలతిప్పుడువీ కలిపి. ఏ మాత్ర ఏ తేదీన మొదలైందో, కదలిక ఏ తేదీన మొదలైందో ఒక కాగితం మీద రాసుకోండి. కదలిక వచ్చినప్పుడు ఫోన్లో అర నిమిషం వీడియో తీయండి, డాక్టరు ముందు కూర్చున్నప్పుడు అది రాకపోవచ్చు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, పంజాగుట్ట నిమ్స్ నరాల విభాగం, గాంధీ ఆసుపత్రి ప్రభుత్వం నడిపేవే. ఫోన్లో మాట్లాడటానికి టెలీ మానస్ 14416 ఉంది, 2022 అక్టోబరు 10న మొదలైంది.

ఇంకో ఫోను నంబరు రాసుకోండి, 1800-180-3024. మందుల దుష్ప్రభావాల్ని నమోదు చేసే జాతీయ కార్యక్రమానిది, ఉచితం. 2010లో మొదలైన ఆ కార్యక్రమానికి కేంద్రం ఘాజియాబాద్‌లో ఉంది. డాక్టర్లే కాదు, రోగులూ ఇంటివాళ్లూ నేరుగా చెప్పవచ్చు, ఫారం తెలుగులోనూ ఉంది. మాత్ర వల్లే వచ్చిందని రుజువు చేయక్కర్లేదు, అనుమానం చాలు. ఏ మందు, ఎంత మోతాదు, ఎప్పుడు మొదలు, ఏమైంది, ఆపాక ఏమైంది అని అడుగుతారు. ఉప్సలా ఖాతాలోకి మన దేశం నుంచి నివేదికలు వెళ్లే దారి ఇదే. పక్కన ఏ గ్యాస్ క్యాప్సూల్ వాడుతున్నారో కూడా అందులో రాయండి.